డీజే బాక్సుల మీద మోగే 140 బీపీఎం ట్రాకుల నుంచి తొలి ఆల్బమ్ దాకా: ఏం మార్చాలి, ఏం వదలాలి?

లంక_డబ్ (అమలాపురం)
అందరికీ నమస్తే అండి. నా డబ్‌స్టెప్ (బరువైన బేస్ మీద నడిచే ఎలక్ట్రానిక్ సంగీతం) సింగిల్స్ అరడజను పైనే బయటికొచ్చాయి. అన్నీ 140 బీపీఎం (నిమిషానికి 140 బీట్లు), అన్నీ ఎఫ్ మైనర్‌కి అటూ ఇటూ, ఏదీ ఐదు నిమిషాలకి తగ్గదు. తీర్థాల్లో, ఊరేగింపుల్లో డీజే బండి మీద బాగా పలుకుతాయి. అవే వరసగా పెట్టుకుని ఇయర్‌ఫోన్స్‌లో వింటే మూడో ట్రాకుకే అంతా ఒకే పాటలా ఉంది. ఇప్పుడు ఆల్బమ్ చేయాలి. పాత సింగిల్స్ ఎన్ని పెట్టొచ్చు, నిడివి ఎంత, లౌడ్‌నెస్ ఎంత, మన డప్పు, తాషా, చెరువుగట్టు చప్పుళ్లు ఎలా కలపాలి? తెలిసినవాళ్లు లెక్కలతో సహా చెప్పండి.

గోదారి_140 (రాజమండ్రి)
తమ్ముడూ, ముందు వినేది ఎవరో తేల్చుకో. సింగిల్ అనేది డీజే చేతికిచ్చే సరుకు. ముందు నడుస్తున్న ట్రాకు మీద దీన్ని ఎక్కించడానికి అతనికి ఖాళీ డ్రమ్స్ కావాలి. అందుకే మొదట్లో 32 బార్లు (బారంటే నాలుగు బీట్లు), చివర్లో 32 బార్లు వదులుతాం. 140 దగ్గర ఒక బారు 1.714 సెకన్లు. 32 బార్లంటే దాదాపు 55 సెకన్లు. ఆల్బమ్ వినేవాడు అమలాపురం నుంచి రాజమండ్రి వచ్చే బస్సులో కూర్చున్న మనిషి. అతను దేన్నీ దేంతోనూ కలపక్కర్లేదు. ఆ 55 సెకన్ల హై-హ్యాట్ (డ్రమ్స్‌లో సన్నగా మోగే తాళం) వినేలోపు వేలు తర్వాతి పాట మీదికి పోతుంది.

ప్రాజెక్టుకి నకలు తీసి పనిచెయ్యి, డీజే వెర్షన్ జోలికి వెళ్లకు, అది ఎప్పటికీ పనికొస్తుంది. నకలులో మొదటి 32 బార్లు తీసేసి 8 బార్లు ఉంచు. ఆ ఎనిమిదిలో కూడా డ్రమ్స్ వద్దు, ఆ ట్రాకులో ఉన్న ముఖ్యమైన శబ్దం ఒక్కటే వినిపించు. తర్వాత రెండో డ్రాప్ (బేస్, డ్రమ్స్ ఒక్కసారిగా దిగే చోటు) చూడు. సింగిల్స్‌లో రెండో డ్రాప్ నూటికి తొంభై పాళ్లు మొదటి దానికి నకలే, పైన ఒక షేకరో రైడో కలుస్తుంది అంతే. జనం మధ్యలో అది చాలు, ఎందుకంటే మొదటి డ్రాప్‌కి వాళ్లు ఒంటిని అలవాటు చేసుకున్నారు, రెండోసారి దానికోసం ఎదురుచూస్తారు. ఇంట్లో వినేవాడికి అది పునరుక్తి. రెండో డ్రాప్‌లో బేస్ నోట్లు అవే ఉంచి వాటి నడక మార్చు, లేదా కిక్ (డ్రమ్స్‌లో బరువైన దెబ్బ) మొత్తం తీసేసి మూడో బీటు మీద స్నేర్ (పదునైన దెబ్బ) ఒక్కదాన్నీ వదులు. రెండూ కుదరకపోతే రెండో డ్రాపే కొట్టెయ్. ఐదు నిమిషాలంటే 175 బార్లు. అది 120 బార్లకి దిగితే మూడున్నర నిమిషాల లోపు వస్తుంది.

అన్నిటినీ ఇలా కుదించేయొద్దు. ఒకటో రెండో పూర్తి నిడివితో సాగాలి. లేకపోతే ఆల్బమ్‌కి ఊపిరాడదు.

పాలకొల్లు_బాక్స్
అన్నీ ఎఫ్‌లోనే ఎందుకు పడ్డాయో చెబుతానండి. మన దగ్గర ఊరేగింపు బండ్ల మీద ఉండేవి ఎక్కువ డబుల్ 18 బాక్సులు, అంటే 18 అంగుళాల స్పీకర్లు రెండేసి ఉన్నవి. వాటి పోర్టు (గాలి రంధ్రం) ట్యూనింగ్ 38–40 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దానికి దిగువన కోన్‌కి గాలి ఒత్తిడి ఆసరా ఉండదు, ఊరికే ముందుకీ వెనక్కీ కొట్టుకుని కాయిల్ పోతుంది. అందుకే బండివాళ్లు క్రాసోవర్‌లో 35–40 దగ్గర లో-కట్ పెట్టేస్తారు, అంతకన్నా కింది శబ్దాలు కోసేస్తారు. కింది ఎఫ్ 43.65 హెర్ట్జ్, సరిగ్గా ఆ కట్‌కి పైన. ఇ 41.2, అది కూడా గట్టెక్కుతుంది. డి 36.7, అది బండి మీద సగానికి సగం మాయం. కాబట్టి ఎఫ్ ఎంచుకోవడం సింగిల్‌కి సరైన పనే.

ఆల్బమ్‌కి ఆ కట్టడి లేదు. ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్ 46.2, జి 49, ఎ 55 దాకా పంచుకోండి. డి, సి లాంటి లోతు స్వరాలు ఇయర్‌ఫోన్స్ కోసమే చేసిన ట్రాకుల్లో వాడుకోండి. పక్కపక్కన వచ్చే రెండు ట్రాకులకి ఒకే మూలస్వరం రాకుండా చూస్తే "ఒకే పాట" అన్న భావన సగం అక్కడే పోతుంది.

ఇంకోటి. బండి జనరేటర్ మీద నడుస్తుంది. సాగే సబ్ (అన్నిటికన్నా లోతైన బేస్) నోటు పడ్డప్పుడు యాంపులు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి, చిన్న జనరేటర్ అయితే వోల్టేజి కుంగుతుంది, నోటు చివర్లో నీరసపడుతుంది. అందుకని బండి కోసం చేసే సింగిల్స్‌లో సబ్ నోట్లు అర బారుకి మించనివ్వరు. ఆల్బమ్‌లో రెండేసి బార్లు సాగదీయొచ్చు. సింగిల్స్‌లో వీల్లేనిది ఇక్కడ వీలవుతుంది, ఆ అవకాశం వదలకండి.

లంక_డబ్
ఫోన్ స్పీకర్‌లో అసలు బేసే వినబడట్లేదండి. ఆల్బమ్ సగం మంది ఫోన్‌లోనే కదా వినేది?

మిక్స్_తణుకు
ఫోన్ స్పీకర్‌లో 43 హెర్ట్జ్ ఎప్పటికీ రాదండి. దాని ఛాయ మాత్రం వినిపించొచ్చు. బేస్‌ని రెండు పొరలుగా చేయండి.

కింది పొర శుద్ధమైన సైన్ వేవ్, మోనో, 90 దగ్గర లో-పాస్ (పై శబ్దాలు కోసే ఫిల్టర్). దీనిమీద డిస్టార్షన్, కోరస్, రివర్బ్ ఏదీ వద్దు. ఆసిలేటర్ ఫేజ్ ప్రతి నోటుకీ సున్నా నుంచి మొదలయ్యేలా రీట్రిగ్గర్ ఆన్ చేయండి. అది ఆఫ్‌లో ఉంటే ఒక్కో నోటు ఒక్కో చోట మొదలై, ఒకటి గట్టిగా ఒకటి మెత్తగా తగులుతుంది. ఇది వాల్యూమ్ తేడా అనుకుని కంప్రెసర్ వేసేవాళ్లు చాలామంది. రోగం ఒకటైతే మందు ఇంకోటి. రిలీజ్ 15–20 మిల్లీసెకన్లు ఉంచండి, సున్నా పెడితే నోటు చివర టిక్కుమంటుంది.

పై పొర అదే మిడి (నోట్ల వరస), కానీ సా వేవ్ గానీ స్క్వేర్ గానీ, శాచురేషన్‌తో. 110 దగ్గర హై-పాస్ (కింది శబ్దాలు కోసే ఫిల్టర్). ఎఫ్‌కి రెట్లు 87, 131, 175, 218. ఫోన్ స్పీకర్‌లో వీటిలో పైవి పలికితే చెవి కింది ఎఫ్‌ని తనే ఊహించుకుంటుంది. రెండు పొరలూ కలిసే 80–120 మధ్య ఒక్కసారి పోలారిటీ తిప్పి చూడండి. తిప్పినప్పుడు బేస్ పెరిగితే అంతదాకా రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయని అర్థం.

వెడల్పు అంతా పై పొరకే ఇవ్వండి. 120 కింద ఏదీ స్టీరియో కాకూడదు, బండిలో సబ్‌లు ఎలాగూ మోనోలోనే కట్టి ఉంటాయి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మిక్స్ నిర్ణయాలు తీసుకోవద్దు. మానిటర్లలో వచ్చే జుయ్ శబ్దం మీద చెవి సర్దుకుని, పై పొర తక్కువగా ఉందనుకుని పెంచేస్తారు.

కాకినాడ_వినైల్
లెక్కలు అందరూ చెబుతున్నారు కాబట్టి, ఈ దారిలో ముందు నడిచినవాళ్లు ఏం చేశారో కాస్త వివరంగా చెబుతాను. ఈ సంగీతం పుట్టింది దక్షిణ లండన్‌లో, క్రాయిడన్‌లోని బిగ్ యాపిల్ రికార్డుల షాపు చుట్టూ. మొదటి నుంచీ సింగిల్స్ సంగీతమే. ట్రాకు పూర్తవగానే ఫారెస్ట్ హిల్‌లోని ట్రాన్సిషన్ స్టూడియోకి వెళ్లి డబ్‌ప్లేట్ (ఒకే ఒక్క కాపీగా కోసే రికార్డు) కోయించేవారు, షోర్‌డిచ్‌లో ప్లాస్టిక్ పీపుల్ క్లబ్బులోనో బ్రిక్స్‌టన్‌లో మాలా బృందం నడిపిన డీఎమ్‌జెడ్ క్లబ్ రాత్రుల్లోనో మోగించి చూసేవారు. ట్రాకులో ఖాళీ ఎక్కువగా ఉండటానికి కారణం ఆ గదులే. మిగిలిన జాగా బాక్సులు నింపేవి.

అక్కడి నుంచి ఆల్బమ్‌కి వచ్చినవాళ్లు తలా ఒక దారి పట్టారు. స్క్రీమ్ 2005లో 'మిడ్‌నైట్ రిక్వెస్ట్ లైన్' వేశాడు, టెంపా లేబుల్. మరుసటి ఏడాది అదే లేబుల్ మీద తన పేరుతోనే ఆల్బమ్, అందులో ఆ సింగిల్ కూడా ఉంది. కానీ చుట్టూ పేర్చినవి చూడండి: వారియర్ క్వీన్ గొంతు ఒకచోట, జేఎంఈ ర్యాప్ ఒకచోట. గొంతు రాగానే ఆ 140 తాళమే వేరే పాట అయిపోతుంది. బెంగా 2008 ఆల్బమ్‌లోనూ కోకీతో కలిసి చేసిన 'నైట్' పెట్టుకున్నాడు.

పించ్ 2007లో టెక్టానిక్ మీద చేసింది ఇంకా నేర్పైన పని. 'అండర్‌వాటర్ డాన్స్‌హాల్' రెండు డిస్కులు. ఒకదాంట్లో గొంతులతో, రెండో దాంట్లో అవే గొంతులు లేకుండా. ఇంట్లో వినేవాడికి ఒకటి, డీజేకి ఒకటి. మీ చిక్కుకి అది నేరుగా జవాబు: ఆల్బమ్ ఒకటి, దాని డీజే వెర్షన్లు విడిగా ఇంకో విడుదలగా ఇవ్వొచ్చు.

బరియల్ 2006 ఆల్బమ్, హైపర్‌డబ్ లేబుల్ మీద వచ్చిన మొదటి పూర్తి ఆల్బమ్ అది. అందులో డ్రమ్స్ అసలు లేని చిన్న ముక్కలు ఉన్నాయి, 'నైట్ బస్', 'ఫర్‌గివ్'. అవి తీసేసి వింటే మిగతా ట్రాకుల బరువు తగ్గిపోతుంది. డ్రమ్స్ కొంతసేపు ఆగితేనే తర్వాతి కిక్ తగులుతుంది. డబ్‌స్టెప్ ఆల్బమ్‌లలో నాకు అన్నిటికన్నా విలువైన పాఠం ఇదే. మీ ఆల్బమ్‌లో కనీసం రెండు డ్రమ్స్ లేని ట్రాకులు ఉండాలి, ఒక్కోటి నిమిషంన్నర అయినా చాలు.

మాలా అయితే 2004 నుంచి ఎక్కువగా డీఎమ్‌జెడ్ లేబుల్ మీద 12 అంగుళాల రికార్డులే వేస్తూ వచ్చి, 2012లో 'మాలా ఇన్ క్యూబా' చేశాడు, బ్రౌన్స్‌వుడ్ మీద. హవానాలో పియానిస్టు రోబెర్తో ఫోన్సెకా, మరికొందరు వాయిద్యగాళ్లు వాయించినవి తీసుకుని, వాటి కింద తన సబ్ పెట్టుకున్నాడు. డప్పు, తాషా అన్నారు కదా, మీరు ముందు వినాల్సింది అది. ఒక్కో వాయిద్యానికి చోటివ్వడం కోసం తన బేస్‌ని ఎక్కడ ఆపాడో గమనించండి.

గోదారి_140
కాకినాడ అన్నయ్య చెప్పిందాంట్లో ఒక్క దానికి ఒప్పుకోను. వాళ్లు పాత సింగిల్ పెట్టుకున్నారు కాబట్టి మనమూ పెట్టాలని లేదు. అప్పట్లో సింగిల్ కొనాలంటే రికార్డు ప్లేయర్ ఉండాలి, ఆల్బమ్ సీడీ కొనేవాడు ఆ పాట మొదటిసారి వింటున్నట్టే. ఇప్పుడు సింగిల్ అందరి ఫోన్‌లోనూ ఉంది. రెండేళ్ల పాత ట్రాకు మధ్యలో వస్తే పాత మిక్స్ అని తెలిసిపోతుంది. నా లెక్క ఒక్కటి, అదీ కొత్తగా మిక్స్ చేసి.

కాకినాడ_వినైల్
రెండు దాకా ఫర్వాలేదంటాను బాబూ. జాతరలో విని పేరు తెలియక వెతుక్కునేవాడు ఆల్బమ్‌లోకి ఆ పాట పట్టుకునే వస్తాడు. కొత్త మిక్స్ విషయంలో మాత్రం నీ మాటే నా మాట.

గట్టుమీద_రికార్డర్ (భీమవరం)
చప్పుళ్ల సంగతి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, పీక్స్ మైనస్ 12 దాటనివ్వకండి. డప్పు దగ్గర పొరపాటున క్లిప్ అయితే ఆ దెబ్బ మళ్లీ రాదు. డప్పుని మంట దగ్గర కాచి బిగిస్తారు కదా, ఆ బిగువు ఎక్కువసేపు నిలబడదు, మన డెల్టా గాలి తడికి ఇంకా త్వరగా వదులవుతుంది. అంటే రికార్డింగ్ మొదట్లో దెబ్బకీ చివర్లో దెబ్బకీ శ్రుతి వేరు. ఒకే ట్రాకులో వాడే దెబ్బలన్నీ ఒకే కాపు మీద వాయించినవి తీసుకోండి. కర్ర దెబ్బ, సన్నపుల్ల దెబ్బ, అంచు దెబ్బ విడివిడిగా, ఒక్కోటి ఎనిమిదేసి సార్లు కొట్టించుకోండి. ఒకే దెబ్బని పదేపదే వాడితే మెషీన్‌గన్‌లా వినబడుతుంది.

వాయించిన వరస మొత్తాన్ని సాఫ్ట్‌వేర్‌లో 140కి సాగదీయడం వద్దు. సాగదీస్తే దెబ్బ ముందంచు అరిగిపోతుంది. దెబ్బ దెబ్బకీ కోసి గ్రిడ్ మీద పేర్చండి.

రొయ్యల చెరువుల ఏరియేటర్ చప్పుడు చాలా బాగుంటుంది, తెడ్డు చక్రం నీళ్లని కొట్టే శబ్దంలో ఒక నడక ఉంటుంది. 2 కిలోహెర్ట్జ్ దగ్గర హై-పాస్ వేస్తే ఆ నీటి తుంపర హై-హ్యాట్ స్థానంలో కూర్చుంటుంది. కానీ కోయకుండా పూర్తి చప్పుడు వాడితే మోటారు హమ్ ఉంటుంది జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, మోటారు హమ్ ఎక్కువగా 100 దగ్గర, కొంత 50, 150 దగ్గర. మీ ట్రాకు జిలో ఉంటే సబ్ 49. దాని పై రెట్టు 98. ఈ 98, ఆ 100 కలిసి సెకనుకి రెండుసార్లు ఊగుతాయి. బేస్ వణుకుతోందని సింథ్‌ని తిడతారు కానీ తప్పు చెరువుది. రెండు దారులు: 50, 100, 150 దగ్గర సన్నటి నాచ్ (ఆ ఒక్క చోటే కోసే ఫిల్టర్) వేయడం, లేదా రికార్డింగ్‌ని 35 సెంట్లు (సెంటంటే అర స్వరంలో నూరో వంతు) కిందికి దించడం. 35 దించితే 50 కాస్తా 49 అయి సరిగ్గా జి మీద కూర్చుంటుంది. హమ్ శత్రువు కాకుండా డ్రోన్ అవుతుంది.

లంక_డబ్
35 సెంట్లు! ఇప్పుడే చేసి చూశాను, వణుకు పోయిందండి. మరి తాషా 140లో ఇమడట్లేదు, పరుగెత్తినట్టుంది.

గోదారి_140
తాషా, డప్పు వరసలు చాలావాటికి నడక తిశ్రం, అంటే బీటుకి మూడు ముక్కలు. నువ్వు నాలుగేసి ముక్కలు చేసిన గ్రిడ్ మీద పెడుతున్నావ్. గ్రిడ్‌ని ట్రిప్లెట్‌కి మార్చు. ఒక బీటు 428.6 మిల్లీసెకన్లు, మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 142.9. స్నేర్ మూడో బీటు మీదే ఉంచు, కిక్ ఒకటో బీటు మీద. ఆ రెండిటి మధ్య తాషా ట్రిప్లెట్‌లో తిరగనివ్వు. టెంపో 140 కదలదు, నడక మాత్రం పూర్తిగా మారుతుంది. పది ట్రాకుల ఆల్బమ్‌లో ఇలాంటివి మూడు, మామూలు హాఫ్-టైమ్‌వి (స్నేర్ బారుకి ఒక్కసారే పడేవి) నాలుగు, నాలుగు బీట్లకీ కిక్ పడేది ఒకటి, డ్రమ్స్ లేనివి రెండు. అలా పంచితే టెంపో మార్చకుండానే 40–45 నిమిషాలు నిలబడుతుంది.

మిక్స్_తణుకు
మాస్టరింగ్. సింగిల్‌ని మైనస్ 7 లఫ్స్ (చెవికి తగిలే గట్టిదనం కొలత) దగ్గరికి తోస్తారు, బండి మీద పక్క ట్రాకుకి తగ్గకూడదని. ఆల్బమ్‌ని అలా తోయకండి. గట్టి ట్రాకుల డ్రాపులు మైనస్ 9, 10 మధ్య, డ్రమ్స్ లేనివి మైనస్ 16 దగ్గరున్నా పర్లేదు. స్పాటిఫైలో ఆల్బమ్‌ని వరసగా వింటే ఆల్బమ్ మొత్తానికి ఒకే సర్దుబాటు వేస్తుంది, ట్రాకుల మధ్య మీరు పెట్టిన ఎత్తుపల్లాలు అలాగే ఉంటాయి. ట్రాకుట్రాకుకీ విడిగా మైనస్ 14కి సర్దేది షఫుల్‌లో, ప్లేలిస్టులో. ట్రూ పీక్ మైనస్ 1 ఉంచండి.

అన్ని ట్రాకుల మిక్స్‌లూ లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) తీసేసి ఒకే సెషన్‌లోకి తెచ్చి వరసగా పేర్చండి. ఇంట్రోతో ఇంట్రో కాదు, డ్రాప్‌తో డ్రాప్ పోల్చండి. సబ్ మట్టం ట్రాకుల మధ్య 2 డీబీకి మించి మారితే వినేవాడి చెయ్యి వాల్యూమ్ మీదికి పోతుంది. ఒక ట్రాకు ఇంకోదాంట్లోకి ఆగకుండా పారాలంటే డబ్ల్యూఏవీలే పంపండి. ఎంపీ3 మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం కలుపుతుంది, అతుకు దగ్గర గతుకు వస్తుంది. సీడీ కూడా వేసే ఉద్దేశముంటే కోత 588 శాంపిళ్ల గుణిజం మీద పడాలి, సీడీ ఫ్రేమ్ అంతే.

లంక_డబ్
వినైల్ వేయించడం దండగేనా?

కాకినాడ_వినైల్
దండగ అనను, లెక్క కుదరాలి. 12 అంగుళాల రికార్డు 45 మీద అయితే ఇంత బేస్‌తో ఒక వైపుకి 10–12 నిమిషాలు. 33 మీద 15 దాకా గట్టిగా పడుతుంది, ఆపైన గాడి సన్నబడి లెవెల్ తగ్గించాల్సి వస్తుంది. అంటే 45 నిమిషాల ఆల్బమ్‌కి రెండు రికార్డులు తప్పవు. ప్రతి వైపూ చివరి ట్రాకు మెత్తనిది పెట్టండి, లోపలి గాడుల్లో పై శబ్దాలు చీలతాయి. వరస తేల్చేటప్పుడే ఇది గుర్తుంటే తర్వాత ఏడవక్కర్లేదు. మే నెలలో మాత్రం కొరియర్‌లో తెప్పించకండి, మన ఎండకి మూసిన వ్యాన్‌లో రికార్డు వంగిపోతుంది.

రావులపాలెం_హక్కులు
ఎవరూ అడగలేదు కానీ ముందే తేల్చుకోవాల్సింది శాంపిళ్ల సంగతి. సినిమా డైలాగు, పాత పాట ముక్క బండి మీద ఎవరూ పట్టించుకోరు. ఆల్బమ్‌గా డిస్ట్రిబ్యూటర్ (స్పాటిఫై లాంటి యాప్‌లకి పాటలు ఎక్కించేవాడు) ద్వారా వెళ్లాక యాంత్రికంగా పట్టుబడుతుంది, ఒక్క ట్రాకు కోసం మొత్తం ఆల్బమ్ ఆగిపోవచ్చు. మన చట్టంలో రికార్డింగ్‌కి 60 ఏళ్లు, పాట కట్టినవాళ్ల హక్కు వాళ్ల జీవితకాలం పైన ఇంకో 60 ఏళ్లు. జానపదం ఎవరిదీ కాదు కదా అని క్యాసెట్ లోంచి తీసుకోవద్దు, పాట ఎవరిదీ కాకపోయినా ఆ క్యాసెట్ రికార్డింగ్ ఒకరిది.

మీరే రికార్డు చేసినా పాడినవాళ్లకి, వాయించినవాళ్లకి ప్రదర్శకుల హక్కు ఉంటుంది, 50 ఏళ్లు. తెలుగులోనే ఒక పేజీ కాగితం రాయించండి: ఎవరు, ఏ తేదీన, ఏ వాయిద్యం, ఏ ట్రాకులో వాడతారు, సినిమాకో ప్రకటనకో వెళ్తే వాళ్లకెంత, పేరు ఎలా వేస్తారు. డబ్బు రికార్డింగ్ రోజునే ఇచ్చి ఆ కాగితం మీదే రాయండి. డప్పు వాయించేవాళ్ల పేర్లు ఆల్బమ్ వివరాల్లో లేకుండా వదిలేయడం అన్యాయం, దయచేసి అందరి పేర్లూ వేయండి. కంపోజర్‌గా ఐపీఆర్‌ఎస్‌లో (పాట కట్టినవాళ్లకి రాయల్టీ వసూలు చేసే సంస్థ) చేరి, వాటాలతో సహా ప్రతి ట్రాకూ నమోదు చేయండి. డిస్ట్రిబ్యూటర్ రికార్డింగ్ డబ్బే తెస్తాడు, పాట కట్టినందుకొచ్చేది వేరే ఖాతా.

లంక_డబ్
చాలా సంతోషమండి. ఆఖరి ప్రశ్న: పాత సింగిల్ ఆల్బమ్‌లో పెడితే పాత ఐఎస్‌ఆర్‌సీ (ఒక్కో రికార్డింగ్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు) వాడాలా, కొత్తదా? పాత లెక్కలు పోకూడదు.

రావులపాలెం_హక్కులు
ఆడియో ఏమాత్రం మారకపోతే పాతదే వాడాలి, అప్పుడే వినికిడి లెక్కలు కలిసొస్తాయి. కుదించినా, కొత్తగా మిక్స్ చేసినా కొత్త నంబరు తప్పనిసరి. ఇక్కడ అందరూ కొత్త మిక్స్ చేయమన్నారు కాబట్టి మీకు కొత్తదే, లెక్క సున్నా నుంచి. పాత సింగిల్ పేజీ తీసేయకుండా అలాగే ఉంచండి. ఆల్బమ్ వెర్షన్ పేరు పక్కన "ఆల్బమ్ మిక్స్" అని వేయండి. విడుదలకి నాలుగు వారాల ముందు ఎక్కించేయండి. స్పాటిఫై సంపాదకులకి ఆల్బమ్ నుంచి ఒక్క ట్రాకే పంపగలరు, అదీ విడుదలకి కనీసం ఏడు రోజుల ముందు. తిశ్రం నడకలో ఉన్నదాన్ని పంపండి, హాఫ్-టైమ్‌వి వాళ్ల దగ్గర బోలెడు.